ఘాటు రాని మిరపకాయలు

నా తలకు పదిహేను అడుగుల పైన, రాతి చూరు కింద, ఒక పెద్ద నల్లటి మరక ఉంది. వానాకాలంలో నీళ్ళు కారి పట్టిన మరక అనుకున్నాను. అది ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా అల్లాడింది. పళ్ళెంలో నీళ్ళను వేలితో తాకితే వచ్చే అల లాంటిది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ అల్లాడింది. అప్పుడు నీళ్ళ సీసా కోసం చెయ్యి చాపాను.

ఆ సమయానికి అక్కడ మనిషన్నది నేనొక్కదాన్నే. నా ముందు చదును రాయి మీద కర్పూరంతో పాటు కాస్త ఉప్పు, మూడు ఎండు మిరపకాయలు కాలుతున్నాయి. నా పక్కన నా స్నేహితురాలి నల్ల కుక్క నిలబడి, పైకి చూసి మొరగడం మొదలుపెట్టింది.

నేను ఆ మంట ఎందుకు పెట్టానో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

ఆమె, నేను బేర్ సరాయ్‌లో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. సివిల్స్‌కి చదువుకోవడానికి దేశ రాజధానికి వచ్చాం. ఆమెది కరీంనగర్ వైపు, మాది గోదావరి వైపు. రెండు మంచాలు వేశాక ఆ గది తలుపు సగమే తెరుచుకునేది. ఆదివారం మాత్రం బస్సెక్కి అశోకా రోడ్‌లోని మన రాష్ట్ర భవన్ క్యాంటీన్ దాకా వెళ్ళి, మన భోజనం కడుపునిండా తిని, తిరిగొచ్చి నిద్రపోయి, చదవలేదని ఇద్దరం కలిసి బాధపడేవాళ్ళం. ఇద్దరికీ సివిల్స్ రాలేదు. నాకు పెళ్ళయింది, ఆమెకు గురుగ్రామ్‌లో ఉద్యోగమొచ్చింది. తరవాత మా వారి ఉద్యోగం కూడా ఇటే రావడంతో ఇప్పుడు ఒకే కాలనీలో ఉంటున్నాం.

మా వంటింటి కిటికీలోంచి ఆమె బాల్కనీ కనిపిస్తుంది. ఆదివారం పొద్దున ఆమె అక్కడ కాఫీ కప్పుతో కూర్చుంటుంది. కప్పు చల్లారకముందే చివరి గుక్క దాకా తాగుతుంది. నేను చాలాసార్లు చూశాను. పిల్లలు పుట్టాక నేను వేడి కాఫీ పూర్తిగా తాగిన రోజు గుర్తు లేదు. ఆమె పెళ్ళి వద్దనుకుంది, మానేసింది. అంత తేలికగా.

ఆమెకు రెండు కుక్కలున్నాయి. రెండూ వీధిలో దొరికినవే. ఒకటి గోధుమ రంగు ముసలిది, రెండోది ఏడాదిన్నర వయసు నల్లది. రెండింటితోనూ ఆమె తెలుగే మాట్లాడుతుంది.

“ఆఫీసుల హిందీ, మీటింగుల ఇంగ్లీషు. ఇంటికొచ్చి గోడలతోని మాట్లాడాల్నా?” అంది మొదటిసారి నేను నవ్వినప్పుడు. “మస్తు తెలివైనయే ఇవి. మీ పిల్లల లెక్కనే. అన్నీ సమజైతయ్, జవాబు మాత్రం ఇయ్యవు.”

నేను నవ్వాను కానీ ఆ మాట లోపల గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. మా అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి నాలుగు. నేను తెలుగులో ఏమడిగినా ఇద్దరూ హిందీలోనే చెబుతారు. కథలు చెప్పాను. పాటలు పాడాను. తెలుగులో అడిగితేనే బిస్కెట్ ఇస్తానన్నాను. “తో రహ్‌నే దో, మమ్మా” అని మా అమ్మాయి వెళ్ళిపోయింది, బిస్కెట్ కూడా వద్దని.

అలాంటి పిల్ల నా స్నేహితురాలి ఇంటికి రోజూ సాయంత్రం వెళ్ళడం మొదలుపెట్టిన మూడు నెలలకు, ఒకరోజు పిలవడానికి వెళ్తే, తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

“ఏయ్ నల్లదానా, ఇటు రా! కూసో! చెప్పులు కొరకొద్దని చెప్పిన్నా లేదా?”

నా కూతురే. కుక్కలకు తెలుగు తప్ప రాదు కాబట్టి నేర్చుకుంది. నేను బెల్ కొట్టకుండా అక్కడే నిలబడ్డాను. సంతోషించాలి కదా! ఆ రాత్రి నేను ఫోన్లో ఉండగా, నా వెనకాల పిల్ల బొమ్మకుక్కతో ఆడుతూ అంటున్న మాటలు విని మా అమ్మ, “ఎవరే ఆ పిల్ల? తెలంగాణ వాళ్ళలా ఉంది” అంది. మీ మనవరాలే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కింటి పిల్ల అన్నాను.

పిలుపు సంగతి కూడా అంతే. నేను ఆంటీ అని నేర్పితే ఆమె ఒప్పుకోలేదు. “ఆంటీ ఏందిరా, కొత్తోళ్ళ లెక్క? మీ అమ్మ కంటె పదకొండు నెల్లు పెద్ద నేను. పెద్దమ్మ అనాలె.” ఇద్దరూ పెద్దమ్మ అనడం మొదలుపెట్టారు. అది కూడా తెలుగులోనే. నన్ను మాత్రం మమ్మా అంటారు.

హోళీకి ముందు ఆదివారం ఆమె మమ్మల్ని కొండకు తీసుకెళ్ళింది. “ఎప్పుడూ గా టవర్ల నడుమనే తిప్పుతవ్ పిల్లలను. పొద్దుగాల పోయి పొద్దుగూకకముందే వద్దాం రా” అంది. మా వారు ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు. నేను ముందు రోజు రాత్రే సంచీ సర్దాను. దాంట్లో దూది, కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లాలు, రెండేసి జతల బట్టలు, ఈల, టార్చి పెట్టాను. పగటిపూట టార్చి ఎందుకో నాకే తెలియదు. చివర్లో ఒక కాగితం పొట్లంలో ఉప్పు, మూడు మిరపకాయలు, కర్పూరం బిళ్ళలు, అగ్గిపెట్టె కూడా పెట్టాను. పిల్లలతో దూరం వెళ్ళేటప్పుడు అది మా అమ్మ అలవాటు, నాకూ అదే వచ్చింది. ఎమ్మే చదివినా పోలేదు.

గురుగ్రామ్ దాటి ఫరీదాబాద్ వైపు వెళ్తే రోడ్డుకు ఒక పక్క ఆరావళి కొండలు. మాకు దారి చూపించడానికి ఆమె ఆఫీసులో పనిచేసే ఒకాయన వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టిన మనిషి. ఆమె భయ్యా అంటుంది, మేమూ అలాగే అన్నాం. కారు దిగగానే ఆయన వేలు ఎత్తి చెప్పాడు: “ఏక్ బాత్. ఆగ్ బిల్కుల్ నహీ.” అగ్గి మాత్రం ముట్టించొద్దని. గడ్డి ఎండిపోయి ఉంది, ఒక్క పుల్ల చాలు. ఇంకోటి, కుక్కల తాడు వదలొద్దు, నీల్‌గాయ్‌లు, అదే మన మనుబోతులు, తిరుగుతుంటాయి.

దారి సన్నగా, గులకరాళ్ళతో జారుతూ ఉంది. రెండు వైపులా తుమ్మ ముళ్ళు. నేను అబ్బాయి చెయ్యి పట్టుకుని, అమ్మాయి మీద కళ్ళు పెట్టి, “మెల్లగా, మెల్లగా” అంటూ నడిచాను. అమ్మాయి నా మాట విననట్టే ముసలి కుక్క వెనకాల ఎక్కుతోంది. నా స్నేహితురాలు నల్లదాని తాడు నడుముకు కట్టుకుని, ఒక సీసా నీళ్ళు తప్ప ఏమీ మోయకుండా, చేతులు ఊపుకుంటూ ముందు పోతోంది. ఆమె పిక్కలు చూశాను. బేర్ సరాయ్‌లో మా ఇద్దరికీ ఒకే కొలత సల్వార్‌లు సరిపోయేవి.

ఒక పెద్ద రాయి దగ్గర మా అమ్మాయి చేతులూ కాళ్ళూ వేసి పైదాకా ఎక్కేసింది.

“అబ్బ! నా బిడ్డ మేకపిల్ల లెక్క ఎక్కుతుంది సూడే!” అని ఆమె అరిచింది.

నా బిడ్డ అంది. అటువైపు పిల్లలందరినీ అలాగే అంటారని నాకు తెలుసు. అయినా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇంతలో పైనుంచి దిగుతూ పిల్ల జారింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. నేను సంచీలో దూది వెతుకుతున్నాను. పిల్ల ఏడుస్తూ నన్ను దాటి ఆమె దగ్గరికి పరుగెత్తింది. ఆమె నేల మీద కూర్చుని, ముసలి కుక్కను దగ్గరకు లాగి, “సూడవే, అక్కకు దెబ్బ తాకింది. అడుగు, నొస్తుందా అని” అంది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని కుక్కతో చెప్పింది. “ఏం నొస్తలేదు. ఊకో.”

నాతో ఒక్క మాట తెలుగు మాట్లాడని పిల్ల కుక్కను ఓదారుస్తోంది. దూది నా చేతిలోనే ఉంది.

మధ్యాహ్నానికి ఒక పెద్ద బండ కిందికి చేరాం. అది ముందుకు చూరులా వంగి ఉంది. నీడ బాగుంది. నేను చేసిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. భయ్యా పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు. తిన్నాక నేను పిల్లలిద్దరినీ తూర్పు ముఖంగా కూర్చోబెట్టి పొట్లం విప్పాను.

“ఈడ గూడనా?” అని నవ్వింది ఆమె.

“దెబ్బ తగిలింది కదే. దిష్టే.”

“ఎవల దిష్టి?”

నేను పిల్లల చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పాను. మా అమ్మ అనే మాటలే అన్నాను, ఇంట్లోవాళ్ళది, బయటివాళ్ళది, ఇరుగువాళ్ళది, పొరుగువాళ్ళది. మధ్యలో మా అమ్మ ఎప్పుడూ అనని మాట ఒకటి కలిపాను, స్నేహితులది. ఆమెకు వినపడేలా.

ఆమెకు వినపడింది. “ఓహో నాదా! నా కండ్లకు మూడు మిరపకాయలు సాలవే, డజను తేవాల్సింది” అంది. అబ్బాయి కిలకిలా నవ్వాడు. తరవాత మామూలు గొంతుతో, “కాల్చేది మాత్రం ఇంటికి వోయినంక కాల్చు. భయ్యా చెప్పిండు గదా” అంది.

సరే అని పొట్లం మడిచాను. పక్కనే పాత రాతి గని ఉంది, దాని అడుగున నీళ్ళు నీలంగా ఉంటాయట. ఆమె, భయ్యా పిల్లల్నీ ముసలి కుక్కనూ తీసుకుని అవి చూడ్డానికి వెళ్ళారు. ముప్ఫై అడుగుల దూరం కూడా ఉండదు. చెయ్యి వదలొద్దని నాలుగుసార్లు చెప్పాను. నల్లది నిద్రపోతోందని నా స్నేహితురాలు దాని తాడు ఒక మొద్దుకు కట్టి, నాకప్పగించి వెళ్ళింది. నేను గిన్నెలు సర్దుతూ కూర్చున్నాను.

మాలో ఒక నమ్మకం ఉంది. దిష్టి తీసిన మిరపకాయలు కాలిస్తే ఘాటు వచ్చి దగ్గు రావాలి. రాకపోతే దిష్టి నిజంగా తగిలినట్టు. ఇంటికి వెళ్ళేదాకా నేను ఆగలేకపోయాను. నాకు అప్పుడే తెలుసుకోవాలనిపించింది. ఆమె కన్ను నా పిల్లల మీద ఉందో లేదో నాకు రుజువు కావాలి. చుట్టూ గడ్డి లేని చదును రాయి చూసుకుని, కర్పూరం పెట్టి వెలిగించాను.

మిరపకాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది. నేను వంగి కూర్చున్నాను. ఘాటు రాలేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఎంత సంతోషించానో రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చూశావా, నాకు తెలుసు, అనుకున్నాను.

పొగ నా వైపు ఎందుకు రావడం లేదో అప్పుడే తల ఎత్తి చూశాను. కింది నుంచి గాలి వీస్తోంది. పొగంతా బండను పట్టుకుని నేరుగా పైకి పోతోంది. పైన ఆ నల్లటి మరక అల్లాడింది. అది తేనెపట్టు.

నేను నీళ్ళు కుమ్మరించి మంట ఆర్పాను. కాలితో బూడిద చెదరగొట్టాను. నల్లది తాడు తెంపుకునేంతగా గుంజుతూ మొరుగుతోంది, దాన్ని విప్పాను. అప్పటికే చప్పుడు మొదలైంది. “పరుగెత్తండి!” అని అరుస్తూ గని వైపు పరుగెత్తాను. తరవాతిది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. అబ్బాయిని చంకనెత్తుకున్నాను, వాడి ముఖం నా మెడలో దాచాను. భయ్యా “నీచే! నీచే!” అని కిందికి దిగమంటున్నాడు. నా స్నేహితురాలు తన జాకెట్ విప్పి మా అమ్మాయి తల మీద కప్పి, దాన్ని తన కిందికి లాక్కుని, వంగి, అలాగే దారి దిగింది. ఆమె చేతులకు ఏమీ కప్పుకోలేదు. నల్లది మా చుట్టూ తిరుగుతూ గాలిలోకి నోరు తెరిచి తేనెటీగల్ని కొరుకుతోంది. ముసలిది అందరి కంటే ముందు కారు దగ్గరకు చేరి, మేం వచ్చేదాకా వణుకుతూ కూర్చుంది.

మా అమ్మాయికి రెండు చోట్ల కుట్టాయి. అబ్బాయికి ఒక్కటీ లేదు. నాకు ఏడెనిమిది. నా స్నేహితురాలి చేతుల మీద, మెడ మీద ఎన్నో లెక్క పెట్టలేదు. నల్లదాని మూతి, ఒక కన్ను వాచి మూసుకుపోయాయి.

కారులో భయ్యా అన్నాడు, “కాలీ భౌంకీ నా. ఉసీ సే ఛత్తా ఛిడ్ గయా.” నల్లది మొరిగింది, దాంతోనే పట్టు రేగింది అని. ఆయన గని దగ్గర నుంచి తిరిగి చూసేసరికి అది పట్టు కింద నిలబడి మొరుగుతోంది. నేను ఆర్పేసిన మంట ఆయనకు కనిపించలేదు.

“నాదే తప్పు,” అంది నా స్నేహితురాలు. పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు. “ఆడ కట్టేసి పోయేది కాదు దాన్ని.”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నోరు తెరవడానికి ఎంత సమయం కావాలి? ఆసుపత్రి దాకా ఇరవై నిమిషాలు పట్టింది. నేను తెరవలేదు.

ఆ సాయంత్రం నేను కోరుకున్నదంతా నాకు దొరికింది. మా అమ్మాయి నా ఒళ్ళోంచి దిగలేదు. “వో గందీ హై. ఉసీకీ వజహ్ సే హువా,” అంది నల్లదాని గురించి, అది చెడ్డది, దాని వల్లే జరిగిందని. ఇంక దాని దగ్గరికి వెళ్ళను అంది. పెద్దమ్మ ఫోన్ చేస్తే మాట్లాడనంది. నా చెవి తమ్మె పట్టుకుని నిద్రపోయింది. చిన్నప్పుడు అలా పడుకునేది, ఐదో ఏడు వచ్చాక మానేసింది. నేను కదలకుండా కూర్చున్నాను, ఆ వేళ్ళు జారిపోతాయేమో అని. అవి నావి అయినందుకు సంతోషంగా ఉంది. ఎలా అయ్యాయో తెలిసినా సంతోషంగానే ఉంది.

మా వారు ఫోన్ చేసి, “ఇంక ఆ కుక్కల దగ్గరికి పంపకు” అన్నారు. సరే అన్నాను.

కాసేపటికి నా స్నేహితురాలి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. “బిడ్డెట్లుంది? నాతోని మాట్లాడుతలేదు, భయపడ్డట్టుంది. పిల్లలున్న కాడ నల్లదాన్ని ఉంచుడు మంచిది కాదనిపిస్తుంది. భయ్యా వాళ్ళకు ఊళ్ళె పొలం ఉంది, రేపు పొద్దుగాల తీస్కపోతా అన్నడు. నువ్వు ఫికర్ చేయకు.” కింద ఒక ఫోటో పెట్టింది. నల్లది ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. ఒక కన్నే తెరిచి ఉంది.

ఏం జరిగిందో చూసిన ప్రాణి అదొక్కటే. దానికి తెలుగంతా అర్థమవుతుంది. జవాబు ఇవ్వలేదు.

నేను ఫోన్ పక్కన పెట్టి, మర్నాటికి కావాలని సంచీ ఖాళీ చేశాను. టార్చి, ఈల, విప్పని కట్టుగుడ్డ, అడుగున నలిగిన కాగితం, దాంట్లో నాలుగు ఉప్పురాళ్ళు, ఒక మిరపకాయ తొడిమ. వాటిని చెత్తబుట్టలో వేసి, చేతులు కడగడం మరిచిపోయి కన్ను తుడుచుకున్నాను. కన్ను భగ్గున మండింది. ఎంత మండిందంటే బేసిన్ దగ్గర పావుగంట నీళ్ళు కొట్టుకోవాల్సి వచ్చింది. మిరపకాయల్లో ఘాటు ఎప్పుడూ ఉంది. అది నా దాకా రాలేదు, అంతే.

రాత్రంతా ఎదురు టవర్‌లో ఆమె బాల్కనీ దీపం వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఇది రాస్తున్న రాత్రి అది ఆరిపోయి ఉంది, అందరూ నిద్రపోయారు. ఆ రోజు మాత్రం నేను దాన్ని చూస్తూ, చెబితే ఏమవుతుందో లెక్కలు వేసుకున్నాను. నా కూతురు మళ్ళీ అటు పరుగెత్తుతుంది. మళ్ళీ నన్ను దాటి వెళుతుంది. ఆమె నన్ను క్షమిస్తుందో లేదో తెలియదు. చెప్పకపోతే చెవి పట్టుకున్న ఈ వేళ్ళు నావే. ఒక కుక్క ఊరికి పోతుంది. అక్కడ దానితో ఎవరు తెలుగు మాట్లాడతారు?

తెల్లవారింది. పిల్లలకు బడి మాన్పించాను. అబ్బాయి పాల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, భయ్యా కారు వచ్చిందని హిందీలో చెప్పింది. వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చుంది. నేను ఇద్దరి ముందూ నేల మీద కూర్చున్నాను. హిందీలో చెబితే తేలికగా ఉండేది. తెలుగులోనే చెప్పాను.

“నల్లది ఏమీ చేయలేదు. నిన్న మీరు నీళ్ళు చూడ్డానికి వెళ్ళినప్పుడు, పెద్దమ్మ వద్దన్నా వినకుండా, అమ్మ అక్కడ మంట పెట్టింది. ఆ పొగకే ఈగలు లేచాయి. నల్లది మనకు చెప్పడానికే మొరిగింది. కారులో అందరూ దాన్ని తిడుతుంటే అమ్మ ఊరుకుంది. మీకు పెద్దమ్మంటే, నల్లదంటే ఇష్టమని అమ్మకి కుళ్ళు, అందుకే ఊరుకుంది. అది తప్పు. ఇప్పుడు వెళ్ళి పెద్దమ్మకి నేనే చెబుతాను. మీరు నాతో రండి. లేవండి, చెప్పులేసుకోండి, కారు వెళ్ళిపోతుంది.”